బస్సు టిక్కెట్టు – రైతు ఇంటి పద్దు

మన రైతు సోదరులు సేద్యపు ఖర్చు వ్రాసికొనునపుడు విత్తనము, ఎరువు, దుక్కి, కూలి, నీటితీరువ మొదలగు పద్దులను మరువరు. వడ్డీని అంతకంటెను మరువరు. కాని పట్నమునకు పోయి వచ్చిన బస్సు టిక్కెట్టు ఏ పద్దులోనికిని ఎక్కదు. అది పదియు ఇరువదియుగ జేబులోనుండి జారిపోవు సొమ్ము. జారినది కనబడదు గనుక లెక్కకు రాదు. సంవత్సరాంతమున చూచుకొన్నచో, కొన్ని కుటుంబములలో అది ఎకరమునకు పెట్టు ఎరువు ఖర్చును మించియుండుట కద్దు. ఈ పద్దునుగూర్చి సభ్యులు ఒక్కమారు కూర్చుండి ఆలోచింపవలెనని ఈ వ్యాసము వ్రాయబడుచున్నది.

పూర్వము పల్లెవాడు పట్నమునకు పోవుట పండుగకో, కోర్టు వాయిదాకో, పెండ్లి బట్టలకో. నేటి స్థితి అది కాదు. కుమారుడు పాలిటెక్నిక్కునకు పోవును. ఇల్లాలు కూరగాయల గంపతో రైతుబజారునకు పోవును. వేసవిలో పొలము పని లేనపుడు ఇంటి మగవారు పట్నములో తాపీపనికో, మిల్లు పనికో పోయి సాయంకాలమునకు తిరిగి వత్తురు. పాసుపుస్తకమునకై మండల కార్యాలయము, ఋణమునకై బ్యాంకు, జ్వరము వచ్చిన ఆసుపత్రి, ఇవన్నియు బస్సు దిగినచోటనే యున్నవి. కావున బస్సు ఛార్జి పెరిగిన వార్త పట్నవాసులకంటె పల్లెవాసులకే ఎక్కువ సంబంధించినది.

లెక్క సులభముగ నుండుటకు ఒక కొలత చెప్పెదము. ఇంటినుండి పనిచోటు 20 కిలోమీటర్లు. పోను రాను 40. నెలకు 25 దినములు పోయినచో సరిగ 1,000 కిలోమీటర్లు. కావున కిలోమీటరునకు ఒక్క పైస పెరిగిన, ఆ మనిషికి నెలకు 10 రూపాయలు పెరిగినట్లు. పత్రికలలో "కిలోమీటరునకు ఇన్ని పైసలు" అని చదివినపుడెల్ల పాఠకులు ఆ సంఖ్యను పదిచే హెచ్చించుకొన్న చాలును. పైసలను చూచి స్వల్పమని యనుకొనుట పొరపాటు.

తెలంగాణమున 2019 డిసెంబరు మొదటివారమున జరిగిన పెంపును ఈ కొలతతో చూతము. ఆ యేటి అక్టోబరు 5వ తేదీనుండి 52 దినములు ఆర్టీసీ కార్మికులు సమ్మె చేసిరి. సమ్మె ముగిసిన కొలది దినములకే అన్ని తరగతుల బస్సులకును కిలోమీటరునకు 20 పైసల చొప్పున ఛార్జి హెచ్చింపబడెను. పల్లెవెలుగు బస్సులో 63 పైసలుగ నున్నది 83 పైసలయ్యెను. అనగా మనము చెప్పిన ప్రయాణికునికి నెలకు 630 రూపాయలుండిన ఖర్చు 830కి చేరినది. పెరిగినది నెలకు 200, ఏటికి 2,400.

దీనిని రూపాయలలోగాక వడ్లలో కొలిచిన మనవారికి బాగుగ బోధపడును. 2019-20లో సాధారణరకపు వడ్లకు కేంద్రప్రభుత్వము నిర్ణయించిన మద్దతుధర క్వింటాలుకు 1,815 రూపాయలు. పాత ఛార్జిలో ఒక మనిషి ఏడాది రాకపోకలకు 75 కిలోల బస్తాలు ఐదున్నర అమ్మవలసియుండగా, కొత్త ఛార్జిలో ఏడు బస్తాలు దాటి అమ్మవలసివచ్చెను. ఒక్క డిసెంబరు రాత్రి గడచునప్పటికి గాదెలోనుండి బస్తాముప్పాతిక తరిగినట్లే. ఇంటినుండి ఇద్దరు పోవువారైనచో మూడున్నర బస్తాలు.

దీనికి ఒక ఆక్షేపణ రావచ్చును. మద్దతుధర కూడ పెరిగినదికదా, 2025-26కు 2,369 రూపాయలైనదికదా, బస్తాల లెక్క తగ్గలేదా యని. లెక్కప్రకారము కొంత తగ్గినమాట నిజమే. కాని 83 పైసలపై ఆ తరువాత చేరిన సెస్సులను ఇందు కలుపలేదు. మఱియు మద్దతుధర ఏటికొక్కమారు పెరుగును. అదియు ఆ ధరకు కొనువాడు దొరికినపుడే రైతు చేతికి వచ్చును. కండక్టరు మాత్రము ప్రతిదినము రొక్కమే యడుగును.

ఈ రొక్కపు విషయము మరికొంత చెప్పదగియున్నది. రైతుకు సొమ్ము వచ్చునది పంట యింటికి చేరినపుడు. ఛార్జి ఇయ్యవలసినది ప్రతి ఉదయమున. నడుమ ఆరు మాసములు చేబదుళ్లతో జరుపుకొనవలెను. నెల మొదట 830 రూపాయల చొప్పున నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చి, ఆరవ నెల కడపట పంటమీద తీర్చినచో, అసలు 4,980 గాక వడ్డీయే 348 రూపాయలగును. ఇది ఏ ఛార్జీల పట్టికలోను కనబడని పెంపు. నెలజీతగాడు ఈ వడ్డీ నెరుగడు.

ఆంధ్రప్రదేశమున 2019 డిసెంబరు 11వ తేదీనుండి పెంపు అమలులోనికి వచ్చెను. అచ్చట పల్లెవెలుగు, సిటీ సర్వీసులకు కిలోమీటరునకు 10 పైసలు, తక్కిన బస్సులకు 20 పైసలు. పల్లెవెలుగులో మొదటి రెండు స్టేజీలకు, అనగా 10 కిలోమీటర్లవరకు, పెంపు లేకుండ చేసిరి. ఇది మెచ్చదగిన పద్ధతి. దగ్గరి ఊళ్లనుండి బడికిని, సంతకును పోవువారికి బాధ తగులలేదు. కాని 2022 ఏప్రిలులో డీజిలు ధర మండుచున్న కాలమున రెండు రాష్ట్రముల సంస్థలును డీజిల్ సెస్సు అను కొత్త వసూలును ప్రారంభించినవి. పల్లెవెలుగులో టిక్కెట్టుకు 2 రూపాయలు, ఎక్స్‌ప్రెస్సులో 5 రూపాయలు. ఆంధ్రప్రదేశమున కనీసపు టిక్కెట్టు 10 రూపాయలుగ నిర్ణయింపబడినదియు అప్పుడే.

చదువరులు ఈ సెస్సు స్వభావమును గమనింపవలెను. కిలోమీటరు లెక్కను పెరిగినపుడు దూరము పోవువాడు హెచ్చుగను, దగ్గర పోవువాడు తక్కువగను భరించును. టిక్కెట్టుకింత అని వేసినపుడు అది తలక్రిందులగును. 50 రూపాయల టిక్కెట్టుపై 2 రూపాయలు నూటికి నాలుగు. 10 రూపాయల టిక్కెట్టుపై నూటికి ఇరువది. కనీసపు ఛార్జియు నట్టిదే. 5 కిలోమీటర్ల దూరమునకు 10 రూపాయలిచ్చువాడు కిలోమీటరునకు 2 రూపాయలిచ్చుచున్నాడు. దూరపు ప్రయాణికుడు ఎక్స్‌ప్రెస్సులోనైన నంత ఇచ్చునా యని సందేహము! మండల కేంద్రమునకు పోయివచ్చు పల్లెవానికి ఈ భేదమునుగూర్చి ఎవరును చెప్పినవారు లేరు.

అట్లని సంస్థను నిందించి ఊరకుండుట న్యాయము కాదు. వారి లెక్కయు చూడవలెను. బస్సు లీటరు డీజిలుకు సుమారు 5 కిలోమీటర్లు నడచును. లీటరు 100 రూపాయలని లెక్కకు తీసికొన్నచో కిలోమీటరునకు డీజిలే 20 రూపాయలు. బస్సులో 40 మంది టిక్కెట్టు కొన్నవారుండిన, 83 పైసల చొప్పున కిలోమీటరునకు 33 రూపాయల 20 పైసలు వచ్చును. డీజిలు పోగా మిగిలిన 13 రూపాయలలోనే డ్రైవరు, కండక్టరుల జీతములు, టైర్లు, మరమ్మతులు, పన్ను, కొత్త బస్సు కొనుటకు నిలువ, అన్నియు జరుగవలెను. ఆ బస్సులో 15 మందియే యున్నచో వచ్చునది 12 రూపాయల 45 పైసలు, డీజిలుకే చాలదు. మన ఊరిలో రాత్రి నిలిచి తెల్లవారుజామున కదలు నైట్ హాల్టు బస్సు ఈ రెండవ తరగతిలోనిదే. అది నడచుచున్నదన్న, మరియొక మార్గములో వచ్చిన ఆదాయమో, ప్రభుత్వ ధనమో దానిని నడిపించుచున్నదని తెలియవలెను.

ఈ చిక్కు సంస్థ పుట్టుకలోనే యున్నది. హైదరాబాదు సంస్థానమున 1932లో నిజాము రైల్వేవారి రోడ్డు రవాణాశాఖ 27 బస్సులతో ఆరంభమయ్యెను. ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ 1958 జనవరి 11వ తేదీన ఏర్పడెను. కృష్ణా జిల్లా మార్గములను అది స్వాధీనము చేసికొనబోగా ప్రైవేటు బస్సు యజమానులు సుప్రీంకోర్టుదాక పోయి వ్యాజ్యమాడిరి. సంస్థకు ఆధారమైన 1950 నాటి చట్టమునందు, సంస్థ వ్యాపార పద్ధతులననుసరించి నడువవలెనని 22వ సెక్షను చెప్పుచున్నది. ప్రజలో, గిట్టుబాటు కాని పల్లెకును బస్సు కావలెనందురు. వ్యాపారము, సేవ అను ఈ రెంటిని ఒకే మెడకు కట్టిరి గనుకనే ఛార్జీల రగడ తప్పుటలేదు. 2020 జనవరి 1వ తేదీనుండి ఆంధ్రప్రదేశమున ఆర్టీసీ ఉద్యోగులు ప్రభుత్వ శాఖలో చేర్చుకొనబడిరి. జీతముల బరువు ఖజానాపైకి పోయినను డీజిలు, టైర్ల బరువు పోలేదు.

బస్సు ఛార్జి పెంచినపుడు ప్రకటన యుండును, పత్రికలలో చర్చ యుండును. రైలు విషయమున జరిగినది ఇంతకంటె వింత. కరోనా వ్యాధి కారణమున 2020లో ప్యాసింజరు బండ్లు నిలిచిపోయినవి. తిరిగి నడిచినపుడు వానిలో పెక్కు "స్పెషల్ ఎక్స్‌ప్రెస్సు" అను పేరు ధరించి వచ్చినవి. పెట్టెలవే, పట్టాలవే, ఆగు స్టేషన్లును దాదాపు అవే. 10 రూపాయలుగ నున్న కనీసపు టిక్కెట్టు మాత్రము 30 రూపాయలైనది. పేరు మార్చి మూడురెట్లు వసూలు చేయు విద్య సంతలో బేరగాండ్రకైనను తెలియదు. 2024 ఫిబ్రవరి నెల చివరనే పాత కనీసపు ఛార్జి మరల వచ్చెను. ఈలోపల, నెలపాసు లేక దినమునకొక టిక్కెట్టు కొని దగ్గరి పట్నమునకు పోయివచ్చినవానికి పోనురాను 40 రూపాయలు, నెలకు 25 దినములకు 1,000 రూపాయలు అదనపు ఖర్చు. తెలంగాణపు 20 పైసల బస్సు పెంపుకు ఇది ఐదురెట్లు. అయినను దానికి జరిగిన గోల ఇందులో పదవవంతు లేదు. కారణము స్పష్టము: దానిని ఎవరును పెంపు అని పిలువలేదు.

ఇటీవలి రైలు పెంపులలో, 2025 జూలై 1వ తేదీ నాటి దానిలోగాని, డిసెంబరు 26వ తేదీ నాటి దానిలోగాని నెలవారీ సీజను టిక్కెట్టు జోలికి పోలేదు. 150 కిలోమీటర్లలోపు దూరమునకు ఈ సీజను టిక్కెట్టు దొరకును. తెనాలినుండి, ఏలూరునుండి బెజవాడకు నిత్యము పోవువారు దీని విలువ నెరుగుదురు. రైలుస్టేషను దగ్గరనున్న పల్లెలలోనివారు మాత్రము, నెల మొదట ఒక్కసారి సొమ్ము తీయలేక, దినమునకొక టిక్కెట్టు కొని హెచ్చు చెల్లించుచున్నారు. చిన్న మొత్తము చేతిలో లేనందున పెద్ద మొత్తము పోగొట్టుకొనుట యిదియే. సహకార సంఘము ఏర్పడినది ఇట్టి స్థలములకే కదా!

స్త్రీల ఉచిత ప్రయాణమువలన ఇంటి పద్దు మరియొక రూపము దాల్చినది. తెలంగాణమున 2023 డిసెంబరు 9వ తేదీనుండి మహాలక్ష్మి పథకము, ఆంధ్రప్రదేశమున 2025 ఆగస్టు 15వ తేదీనుండి స్త్రీశక్తి పథకము అమలులో నున్నవి. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్సు రెంటను ఆడవారికి సున్న టిక్కెట్టు. నెలకు వేయి కిలోమీటర్లు తిరుగు కూరగాయల వర్తకురాలికి ఇది ఏటికి పదివేల రూపాయలకు దగ్గర లాభము. ఇంతటి మేలు చేసిన పథకములు అరుదు. కొన్ని ఇండ్లలో ఆసుపత్రి పనికి, బ్యాంకు పనికి ఇప్పుడు ఆడవారే పోవుచున్నారు; భర్త పోయిన ఖర్చు, భార్య పోయిన లేదు. ఇంటి వ్యవహారము ఆమె చేతికి వచ్చుట మంచిదే యని మా అభిప్రాయము. అయితే బస్సుల సంఖ్య ప్రయాణికులతో సమముగ పెరుగలేదు. కిక్కిరిసిన బస్సులో గంప పెట్టుకొనుటకు చోటు దొరకక ఆటో ఎక్కిన, ఉచితమన్నది ఆనాటికి మాటయే. ఛార్జి పెంచవలసివచ్చినచో ఆ భారమంతయు టిక్కెట్టు కొను మగవారిపైనను, పట్నములో చదువు కుర్రవారిపైనను పడును గనుక, ఈ రెండు విషయములను విడదీసి చూడరాదు.

పట్నములోనున్న మన పిల్లల సంగతియు ఇంటి పద్దులోనిదే. హైదరాబాదులో 2025 జూన్ నెలలో ఆర్డినరీ బస్సు పాసు 1,150నుండి 1,400 రూపాయలైనది. విద్యార్థుల నెలపాసు 400నుండి 600. అదే యేట అక్టోబరు 6వ తేదీనుండి సిటీ బస్సులలో మొదటి మూడు స్టేజీలకు 5 రూపాయలు, నాలుగవ స్టేజీనుండి 10 రూపాయలు అదనముగ తీసికొనుచున్నారు. విద్యుత్ బస్సులకు వలయు ఏర్పాట్లకై యని సంస్థ తెలిపెను. మెట్రో రైలులో మే 17న గరిష్ఠపు ఛార్జి 60నుండి 75 రూపాయలు చేసి, జనులు గగ్గోలు పెట్టగా వారమునకే 69కి దించిరి. అచ్చట కొలువు చేయు కుమారుడు ఇంటికి పంపు సొమ్ములో ఈ నెల మూడు నాలుగు వందలు తగ్గినచో, వాడు దుబారా చేసెనని తండ్రి తొందరపడి జాబు వ్రాయకుండుట మంచిది.

ఛార్జి పెరిగినపుడు పల్లెవారు చేయుచున్నది సామాన్యముగ ఒకటే: మోటారుసైకిలు కొనుట. ఇందులో లాభమున్నదా? బండి లీటరుకు 50 కిలోమీటర్లు నడచుననియు, పెట్రోలు 110 రూపాయలనియు అనుకొన్న, కిలోమీటరునకు 2 రూపాయల 20 పైసలు పెట్రోలుకే పోవును. ఇద్దరెక్కిన తలకు 1 రూపాయి 10 పైసలు. వాయిదాలు, టైర్లు, భీమా వేరు. అనగా పెరిగిన బస్సు ఛార్జియే ఇంకను చవుక. అయినను బండి కొనుచున్నారన్న, అది ఛార్జీనిబట్టి కాదు. బస్సు సమయమునకు రాదు, సాయంకాలము ఆరు దాటిన దొరకదు. ఛార్జి పెంపు ఒక సాకు. ఇట్లు పదిమంది బండ్లు కొనగా బస్సులో పదిమంది తగ్గుదురు, ఆదాయము తగ్గెనని ట్రిప్పు రద్దు చేయుదురు, మిగిలినవారును బండ్లు కొందురు. చివరకు బండి తోలలేని ముసలివారును, కొనలేని కూలివారును రోడ్డుపై నిలిచియుందురు.

సంఘములు చేయదగిన పనులు కొన్ని గలవు. మొదటిది, సభ్యుని అనవసరముగ తిప్పకుండుట. ఒక్క సంతకమునకు మూడుసార్లు రమ్మను కార్యాలయము, ప్రతిసారియు ఆ సభ్యునిపై టిక్కెట్టు ఖర్చును, దినపు కూలిని పన్నుగ వేసినట్లే. ఋణపు దరఖాస్తుకు కావలసిన కాగితములన్నియు గోడపై ఒక్క పట్టికగా అంటించిన, ఖర్చులేని ఉపకారము. రెండవది, సరుకును పల్లెకే తెచ్చుట. ములుకనూరు సహకార సంఘము 1956లో స్థాపింపబడి, ఋణము, ఎరువు, విత్తనము, పంట అమ్మకము ఒక్కచోటనే జరుగునట్లు చేసినది. ఆ ప్రాంతపు మహిళా సహకార డెయిరీ పల్లెలలోనే పాలు పోయించుకొనును. పాలతో పట్నమునకు పోవలసిన మనిషి ఇంటనే యుండెను. మూడవది, నిత్యము పోవు సభ్యుల పిల్లలకు నెల మొదట పాసు కొనుటకు చిన్న మొత్తము స్వల్ప వడ్డీకి ఇచ్చి, పంటమీద తీసికొనుట. ఇందులో సంఘమునకు నష్టభయము చాల తక్కువ.

ఇక స్టేజీల సంగతి. దీనిని చాలమంది గమనింపరు. పల్లెవెలుగులో ఛార్జి నడచిన దూరమునుబట్టి కాక స్టేజీలనుబట్టి యుండును. పైన చెప్పిన రెండు స్టేజీలు 10 కిలోమీటర్లను లెక్కనుబట్టి స్టేజీ సుమారు 5 కిలోమీటర్లు. ఊరు పట్నమునకు 11 కిలోమీటర్ల దూరమున, స్టేజీ దాటిన వెంటనే యున్నచో, ఆ ఊరివారు 15 కిలోమీటర్లకు టిక్కెట్టు తీసికొనవలెను. ప్రయాణము చేయని 4 కిలోమీటర్లకు పోను రాను సొమ్మిచ్చుచున్నారు. 83 పైసల చొప్పున దినమునకు 6 రూపాయల 64 పైసలు, 25 దినములకు 166 రూపాయలు. రాష్ట్రమంతట గగ్గోలు పుట్టించిన 200 రూపాయల పెంపుకు ఇది ఇంచుమించు సమానము. ఆ ఊరివారు మాత్రము ఏండ్లతరబడి మాటాడక ఇచ్చుచున్నారు. రాష్ట్రపు రేటు మనచేత మారదు. స్టేజీ యెచ్చట నుండవలెనన్నది డిపోలో అడుగదగిన ప్రశ్న. డిపో మేనేజరులు నియమిత దినములలో ప్రయాణికుల ఫిర్యాదులను ఫోనుపై వినుటకు "డయల్ యువర్ డి.ఎం." అను కార్యక్రమమును జరుపుచుందురు. ఫోనుతో సరిపెట్టక, పట్నమునుండి మీ ఊరి మొదటి ఇంటికి గల దూరము, ఇప్పుడు తీసికొనుచున్న ఛార్జి, పాత టిక్కెట్లు రెండు మూడు జతపరచి, సంఘ కార్యదర్శి సంతకముతోను, సర్పంచి సంతకముతోను అర్జీ వ్రాసి డిపోలో ఇచ్చి, అందినట్లు ముద్ర వేయించుకొనవలెను. నెలలో జవాబు రానిచో ఆ నకలునే జతచేసి రీజినల్ మేనేజరునకు పంపవచ్చును.